మీ ఊళ్ళో సైనికుల స్తూపం: మున్సిపాలిటీతో కట్టించడం, కట్టాక చూసుకునేలా చేయడం ఎలా

నెలకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు. భీమవరం వైపు నుంచో, అమలాపురం వైపు నుంచో ఎవరో ఒక మాజీ సైనికుడు, "మా టౌన్లో కూడా ఒక స్తూపం కట్టాలనుకుంటున్నాం అండీ, మున్సిపాలిటీ వాళ్ళని ఎలా ఒప్పించాలి?" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. నేను మిలటరీలో పనిచేయలేదు. మా నాన్నగారు చేశారు, వాళ్ళ సంఘానికి అర్జీలు రాసిపెట్టడం, ఆఫీసుల చుట్టూ తిరగడం నా వంతు.

ముందే ఒక మాట. ఒప్పించడం అసలు కష్టమే కాదు. సైనికుల పేరు చెబితే ఏ కౌన్సిలరూ వద్దనడు, శంకుస్థాపనకి పిలవని వాళ్ళు కూడా వస్తారు. కష్టమంతా మూడో ఏడాది మొదలవుతుంది. లైటు పోతుంది, దాన్ని మార్చాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు, ఇంజనీరింగ్ వాళ్ళు పార్కుల సెక్షన్ అంటారు, పార్కుల వాళ్ళు అది సంఘం వాళ్ళది కదా అంటారు. అందుకే కింద చెప్పేదాంట్లో సగం కట్టకముందే నిర్వహణ గురించి రాయించుకోవడం మీదే ఉంటుంది.

చేతిలో ఉండాల్సినవి

- రిజిస్టరైన సంఘం. మన రాష్ట్రంలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద చేయించుకోవచ్చు. నలుగురు పెద్దమనుషులు సంతకాలు పెట్టిన తెల్లకాగితానికి ఆఫీసులో విలువ ఉండదు.
- సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, కనీసం ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీసేలా.
- పేర్ల జాబితా, చిత్తుదైనా సరే.
- రెండు మూడు స్థలాల సర్వే నంబర్లు. ఒక్కటే పట్టుకుని వెళ్తే అది కుదరదన్న రోజు పని ఆగిపోతుంది.
- స్తూపం బొమ్మ, కొలతలతో.
- ఏడాదికి తగ్గని ఓపిక.

1. ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. యుద్ధంలో ప్రాణాలిచ్చిన వాళ్ళకేనా? సర్వీసులో ఉండగా జబ్బు చేసి పోయినవాళ్ళు కూడానా? రిటైరై ఇంటికొచ్చి పోయినవాళ్ళు, ఇప్పుడు బతికున్న మాజీ సైనికులు? సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్‌లలో చేసినవాళ్ళు? ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం మీద ఉన్నవి సైన్యం, నౌకాదళం, వాయుసేనల్లో విధుల్లో అమరులైనవాళ్ళ పేర్లు. మీరూ అలాగే చేయాలని రూలేం లేదు, కానీ మీ నిర్ణయం ఏదైనా సంఘం మీటింగులో పెట్టి, మినిట్స్ పుస్తకంలో రాసి, అందరిచేత సంతకాలు పెట్టించండి. ఆవిష్కరణకి వారం ముందు ఒక బీఎస్ఎఫ్ జవాను భార్య వచ్చి "మా ఆయన పేరేది బాబూ" అని అడిగితే అప్పటికప్పుడు చెప్పడానికి ఎవరి దగ్గరా మాట ఉండదు. నేను చూశాను.

నా సలహా అడిగితే, అమరుల పేర్లు మాత్రం రాతి మీద చెక్కించండి, సర్వీసు చేసినవాళ్ళందరికీ కలిపి "ఈ పట్టణం నుంచి సైన్యంలో సేవ చేసిన వారందరికీ" అని ఒక వాక్యం పెట్టండి. బతికున్నవాళ్ళ పేర్లు మొదలుపెడితే ఆ జాబితాకి చివర ఉండదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది చూడండి, ఇంటింటికీ మిలటరీలోకి వెళ్ళి వెళ్ళి ఊరికి మిలటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. అలాంటి చోట అందరి పేర్లూ చెక్కించాలంటే స్తూపం కాదు, గోడ కట్టాలి.

2. స్థలం

అందరికీ నచ్చే చోటు నాలుగురోడ్ల కూడలి. అది మర్చిపోండి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే ఇతర చోట్లా విగ్రహాలకీ కట్టడాలకీ అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. మరి ఫలానా సెంటర్లో మొన్ననే పెట్టారు కదా అంటారు. పెట్టారు. ఎవరైనా కోర్టుకి వెళ్ళేదాకా ఉంటుంది. సైనికుల స్తూపాన్ని క్రేన్‌తో లేపుకెళ్తున్న ఫోటో మీ ఊరికి కావాలా?

మన గోదావరి డెల్టాలో ఇంకో చిక్కు కాలవగట్టు. చూడ్డానికి బావుంటుంది, చల్లగా గాలి వేస్తుంది, కొబ్బరిచెట్లు, సాయంత్రం జనం నడుస్తుంటారు. కానీ అది మున్సిపాలిటీది కాదు, ఇరిగేషన్ శాఖది. మున్సిపాలిటీ ఎంత తీర్మానం చేసినా చెల్లదు. అలాగే టౌన్లోంచి వెళ్ళే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీదో, హైవేల వాళ్ళదో అయి ఉంటుంది. లేఅవుట్లలో పార్కు కోసం వదిలిన స్థలం పార్కుగానే ఉండాలి, అందులో పెద్ద కట్టడం పెడితే కాలనీవాళ్ళే ఎదురు తిరుగుతారు.

కాబట్టి మంచివి ఇవీ: మున్సిపల్ ఆఫీసు ఆవరణ, మున్సిపాలిటీ సొంత పార్కులో ఒక మూల, మున్సిపల్ స్కూలు ప్రహరీ లోపల రోడ్డువైపు కనిపించే చోటు. స్కూలు నాకు బాగా ఇష్టం, పంద్రాగస్టుకీ రిపబ్లిక్ డేకీ పిల్లలు ఎలాగూ అక్కడే ఉంటారు.

సరిచూసుకోవడం ఎలా అంటే, టౌన్ సర్వే రికార్డులో ఆ నంబరు ఎవరి పేరున ఉందో నకలు తీసుకోండి. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్ళి మాస్టర్ ప్లాన్‌లో అక్కడ రోడ్డు విస్తరణ గీత ఉందా అని అడగండి. 2027లో గోదావరి పుష్కరాలు, రేవుల దగ్గరా వాటికి వెళ్ళే దారుల్లోనూ పనులు జరుగుతాయి, అటువైపు స్థలమైతే ఈ ప్రశ్న రెండుసార్లు అడగండి. నోటిమాట నమ్మొద్దు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి.

3. అర్జీ, తీర్మానం

అర్జీ కమిషనర్ పేరు మీద రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, నంబరు వేసిన రసీదు తీసుకోండి. ఒక కాపీ చైర్‌పర్సన్‌కి, మీ వార్డు కౌన్సిలర్‌కి ఒకటి, జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఒకటి. జిల్లా సైనిక బోర్డుకి కలెక్టరే అధ్యక్షులు కాబట్టి ఆ దారిలో వచ్చిన లెటర్‌కి మున్సిపల్ ఆఫీసులో కదలిక ఉంటుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి కదా, మీ మండలాన్ని ఇప్పుడు ఏ సైనిక సంక్షేమ కార్యాలయం చూస్తోందో ముందే కనుక్కుని బస్సెక్కండి.

ఆ తర్వాత అజెండాలోకి ఎక్కించాలి. కౌన్సిల్ గడువు అయిపోయి స్పెషలాఫీసర్ పాలన నడుస్తుంటే ఆయన చేసిన తీర్మానమే తీర్మానం.

అసలు కిటుకు తీర్మానం మాటల్లో ఉంది. సాధారణంగా "స్తూపం నిర్మించుటకు అనుమతించడమైనది" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. దాంతో సంతోషపడి ఇంటికి రావద్దు. ఈ అయిదూ అందులో ఉండేలా మీరే చిత్తు రాసి ఇవ్వండి, గుమాస్తాకి కూడా పని తగ్గుతుంది:

- స్థలం సర్వే నంబరు, హద్దులు, ఎన్ని చదరపు గజాలు.
- కట్టాక స్తూపం మున్సిపాలిటీ ఆస్తి అని, ఆస్తుల రిజిస్టర్లో ఎక్కిస్తామని.
- ఊడ్చడం శానిటేషన్ సెక్షన్, లైట్లు, రిపేర్లు ఇంజనీరింగ్ సెక్షన్ అని విడివిడిగా.
- కరెంటు మీటరు మున్సిపాలిటీ పేరు మీద అని.
- ఏటా బడ్జెట్లో దీని నిర్వహణకి ఒక పద్దు అని.

"మున్సిపాలిటీ ఆస్తి" అనే మాట దగ్గర మన పెద్దవాళ్ళు బిగుసుకుంటారు. మనం డబ్బు పోగేసి కట్టింది వాళ్ళకెందుకు రాసివ్వాలి అని. నేనూ మొదట అలాగే అన్నాను. కానీ సంఘంలో సగటు వయసు చూడండి. ఇంకో పదిహేనేళ్ళకి ఎవరుంటారు? మున్సిపాలిటీ ఉంటుంది. ఆస్తుల రిజిస్టర్లో లేనిదానికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టినా ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాస్తారు, ఆ భయంతోనే ఎవరూ ముట్టుకోరు. హక్కు వాళ్ళదే ఉంచి, పేర్ల విషయంలో, డిజైన్ మార్పుల విషయంలో సంఘాన్ని అడగకుండా ఏదీ చేయకూడదని ఇంకో వాక్యం పెట్టించుకోండి, సరిపోతుంది.

తీర్మానం అయ్యాక నకలు తీసుకోండి. నంబరు, తేదీ ఉన్న సర్టిఫైడ్ నకలు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కాదు.

ఎన్నికల కోడ్ వచ్చేలా ఉంటే శంకుస్థాపనా, ఆవిష్కరణా పెట్టుకోవద్దు. ఆగిపోతాయి.

4. డబ్బు

దారులు మూడు: మున్సిపల్ జనరల్ ఫండ్, చందాలు, రెండూ కలిపి. మూడోది నయం. పునాది, ప్రహరీ, లైట్లు మున్సిపాలిటీ, రాయి, చెక్కడం సంఘం అని పంచుకుంటే ఎవరి లెక్క వాళ్ళది. ఎంపీ గారిని అడుగుదాం అని ప్రతి మీటింగులో ఒకరంటారు. ఎంపీ నిధుల మార్గదర్శకాల్లో స్మారకాలు చేయకూడని పనుల జాబితాలో ఉన్నాయి, ఆయన ఇవ్వాలనుకున్నా ఫైలు వెనక్కి వస్తుంది. సొంత డబ్బిస్తే అది వేరే సంగతి.

బడ్జెట్ పద్దు కావాలంటే ఏప్రిల్లో అడిగితే లాభం లేదు. నవంబరు, డిసెంబరుల్లోనే లెటర్ పెట్టండి. ప్రతి చందాకీ రసీదు పుస్తకం. మా దగ్గర ఒకాయన ఇరవై వేలు చేతికిచ్చి రసీదొద్దన్నారు, రెండేళ్ళ తర్వాత ఆయన తమ్ముడొచ్చి లెక్క అడిగాడు.

5. పేర్లు: ఇక్కడ తొందరపడితే తప్పు రాతి మీదే ఉండిపోతుంది

సైన్యం రికార్డులో ఉన్న పేరుకీ, ఊళ్ళో పిలిచే పేరుకీ చాలాసార్లు పొంతన ఉండదు. భర్తీ రోజున గుమాస్తా ఇంటిపేరు చివర రాసేశాడు, సత్యనారాయణ కాస్తా ఎస్ నారాయణ అయ్యాడు, అదే పేరుతో పాతికేళ్ళు సర్వీసు చేశాడు. కాబట్టి ఒక్కొక్కరికీ ఒక కాగితం తయారుచేయండి: సర్వీసు నంబరు, ర్యాంకు, రెజిమెంటు, రికార్డులో పేరు, ఇంటివాళ్ళు కోరే పేరు, పుట్టిన ఊరు, పోయిన తేదీ, చోటు. డిశ్చార్జి బుక్కో, పెన్షన్ కాగితమో చూసి రాయండి, జ్ఞాపకం మీద కాదు. స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ళ పేర్లు జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైటులో వెతకొచ్చు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన వాళ్ళకైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉంది, కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఇచ్చారు. ఆ జాబితాలో మన ఊళ్ళ స్పెల్లింగులు చిత్రవిచిత్రంగా ఉంటాయి, నాలుగు రకాలుగా కొట్టి చూడండి.

రాతి మీద ఇంటివాళ్ళు కోరిన పేరు తెలుగులో, పక్కనే సర్వీసు నంబరు పెట్టండి. నంబరుంటే ఎప్పటికైనా రికార్డుతో కలుస్తుంది. ర్యాంకు పెద్దా చిన్నా చూసి వరుస పెట్టొద్దు, పోయిన తేదీ వరుసగానో, అక్షరక్రమంలోనో పెట్టండి. కింద పదిహేను పేర్లకి సరిపడా ఖాళీ వదలండి. ఈ మాట రాయడానికి చెయ్యి రాదు గానీ, వదలాలి.

సరిచూడటం ఇలా: చెక్కేవాడికి ఇచ్చే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి మున్సిపల్ ఆఫీసులోనూ, రెండు కిరాణా కొట్ల దగ్గరా నెల రోజులు అంటించండి, తప్పులుంటే చెప్పమని ఫోన్ నంబరుతో. మేం అంటించినప్పుడు ఒక్క రోజులో మూడు తప్పులు బయటపడ్డాయి, ఒకాయనైతే బతికే ఉన్నారు, హైదరాబాదులో కొడుకు దగ్గర. చివరి ప్రింట్ మీద ప్రతి కుటుంబం సంతకం తీసుకోండి.

6. కట్టడం

డెల్టా నేల సంగతి మీకు తెలిసిందే. నల్లబంక వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద రెండడుగుల పునాది వేసి పది టన్నుల రాయి నిలబెడితే రెండో వేసవికి ఒకపక్కకి ఒరుగుతుంది. మట్టి పరీక్ష చేయించమని మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడగండి, గట్టి పొర లోతుగా ఉంటే పైల్స్, అంటే ఆ పొరదాకా దిగే కాంక్రీటు స్తంభాలు, వేయమంటారు, ఖర్చని వద్దనకండి. కొత్తగా మెరక చేసిన చోట అయితే ఒక వానాకాలం ఆగడమే మంచిది.

ఎత్తు విషయంలో అందరూ చేసే తప్పు, ఇవాళ్టి రోడ్డు మట్టం చూసి దిమ్మె కట్టడం. మన టౌన్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ అర అడుగు లేస్తుంది, పాతిళ్ళు ఎలా గోతిలోకి పోయాయో మీ వీధిలోనే చూడండి. రోడ్డు మట్టానికి కనీసం మూడడుగులు పైన ఉంచండి. 1986 వరదలో నీళ్ళు వచ్చిన చోటైతే ఆ గుర్తు ఏ గోడమీదుందో పెద్దవాళ్ళని అడిగి దానికంటే పైకి.

కాలవలు కట్టేసిన వేసవిలో తవ్వకం తేలిక, ఊట తగ్గుతుంది. కానీ అప్పుడే మంచినీళ్ళకి కటకట, కాంట్రాక్టరు బోరు నీళ్ళతో కాంక్రీటు కలిపేస్తాడు. నరసాపురం, అంతర్వేది వైపు బోరు నీళ్ళు ఉప్పు. ఆ ఉప్పు లోపలి ఇనుముని తినేసి అయిదారేళ్ళకి పెచ్చులు ఊడగొడుతుంది. కలపడానికీ, తడపడానికీ మున్సిపల్ ట్యాంకరు నీళ్ళే వాడాలని ముందే రాయించండి. సముద్రానికి దగ్గరైతే రెయిలింగుకి ఇనుము వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం అడగండి, మామూలు 304 ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది.

రాయి నల్ల గ్రానైటు తీసుకోండి. కడప పలక చవక, కానీ ఎండావానల్లో పొరలు లేస్తుంది. అక్షరాలు లోతుగా చెక్కించి రంగు నింపించండి. అంటించిన ఇత్తడి అక్షరాలు నిలవవు, ఒకటీ అరా రాలిపోతాయి, మిగతావి పాతసామాన్ల కొట్టుకి చేరతాయి. వేలుపెట్టి తడిమితే గీత లోతు తెలియాలి, తెలియకపోతే డబ్బు ఇవ్వొద్దు.

సైనికుడి విగ్రహం కావాలంటే కోనసీమలో కొత్తపేట ఉంది, అక్కడి శిల్పుల పని ఎక్కడెక్కడికో వెళ్తుంది, ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి మాట్లాడుకోండి. తలకిందుల తుపాకీ, పైన హెల్మెట్ చాలనుకుంటే అది ఇంకా మంచిది, విగ్రహమైతే ముఖం ఎవరిలా ఉందన్న పంచాయితీ ఒకటి. ఆరని జ్యోతి జోలికి వెళ్ళకండి, గ్యాస్ ఖర్చు ఎవరు పెడతారు? మూడు సింహాల చిహ్నం పెట్టిద్దాం అంటారు కొందరు, జాతీయ చిహ్నం మీద ఉన్న 2005 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు.

మొక్కలు కడియం నర్సరీల నుంచి తెచ్చుకుంటారు ఎలాగూ. నందివర్ధనం, నూరువరహాలు లాంటి పొదలు చాలు. వేళ్ళు దూరే చెట్లు దిమ్మెకి దగ్గరలో వద్దు.

పని తీసుకునే ముందు ఒక పరీక్ష: నాలుగు బకెట్ల నీళ్ళు దిమ్మె మీద కుమ్మరించండి. పావుగంటకి ఎక్కడైనా మడుగు మిగిలితే వాలు తప్పు, అక్కడే నాచు పడుతుంది. రాత్రి ఏడింటికి వెళ్ళి పేర్లు చదవండి. లైటు మెరుపుకి చదవలేకపోతే కోణం మార్పించండి. వాచ్‌మన్ గాని, ఎవరైనా కళ్ళజోడు పెట్టుకునే పెద్దాయన గాని చదివితే ఇంకా నమ్మకం.

7. ఆవిష్కరణ

శిలాఫలకం గొడవ తప్పదు. నాయకుల పేర్ల పలక వేరుగా, ప్రహరీ గోడకి పెట్టించండి, స్తూపానికి మాత్రం కాదు. అమరుల పేర్ల కంటే ఆవిష్కరించినవాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్న స్తూపాలు చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియదు.

పసుపు, కుంకుమ, దీపం, కొబ్బరికాయ మన అలవాటు. రాతి మీద కాకుండా ముందు ఒక బల్ల వేసి చేయండి. నూనె రాతిలోకి ఇంకితే ఆ మచ్చ పోదు. పాలాభిషేకం అసలు వద్దు. దండలు వేయడానికి రెండు కొక్కేలు పెట్టించండి, లేకపోతే అక్షరాల మీద టేపులు అంటిస్తారు. ముందు వరుస కుర్చీలు అమరుల భార్యలకి, తల్లులకి. వాళ్ళ పేర్లు కుర్చీలకి అంటించి, ఒక మనిషిని కాపలా పెట్టండి, నిజంగానే.

8. ఆ తర్వాత

తేదీలు ఏటా ఇవి: జులై 26 కార్గిల్ విజయ్ దివస్, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, డిసెంబరు 16 విజయ్ దివస్, జనవరి 14 వెటరన్స్ డే, వీటికి తోడు రెండు జాతీయ పండగలు. ప్రతిదానికీ పది రోజుల ముందు కమిషనర్‌కి ఒక లెటర్ ఇవ్వండి, శుభ్రం చేయించమని, లైట్లు చూడమని. అదే లెటర్, తేదీ మార్చి. బతిమాలుతున్నట్టు కాకుండా "తీర్మానం నంబరు ఫలానా ప్రకారం" అని మొదలుపెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

పెద్ద జెండా స్తంభం పెట్టాలని ఉంటుంది అందరికీ. మన గాలికి జెండా అంచు ఇట్టే చిరుగుతుంది, చిరిగిన జెండా ఎగరేయడం ఫ్లాగ్ కోడ్ ప్రకారం తప్పు. మార్చడానికి స్పేర్ జెండాలు, ఎక్కేమనిషి ఉంటే పెట్టండి, లేకపోతే చిన్న స్తంభం, పండగరోజుల్లో మాత్రమే జెండా.

కడగడానికి మామూలు నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ. బాత్రూం యాసిడ్ పోస్తే మెరుపు పోతుంది, రంగు ఊడుతుంది, ఊడ్చేవాళ్ళకి ఈ మాట మనిషి మారినప్పుడల్లా చెప్పాలి. అక్షరాల్లో రంగు వెలిసినట్టు కనిపిస్తే వేసవిలో నింపించండి.

లెటర్లకి కదలిక లేకపోతే, ఈ ఏడాది ఆ పద్దులో ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు అర్జీ ఒకటి పెట్టండి. మా దగ్గర పది నెలలు వెలగని లైటు ఆ అర్జీ ఇచ్చిన వారానికి వెలిగింది.

ఇంకొకటి, దసరా వెళ్ళాక వానలు తగ్గగానే ఒకసారి నిచ్చెన వేసుకుని పైదాకా చూడండి. కాకులు రెట్టలో వేసిన రావి గింజ ఏదో ఒక అతుకులో మొలిచి ఉంటుంది. రెండాకులున్నప్పుడు వేలితో లాగితే వచ్చేస్తుంది, వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటే మేస్త్రీని పిలవాలి.